రెండో చిలక

మా ఇన్‌స్పెక్షన్ టేబుల్ మీదికి ఏ ముక్క వచ్చినా నేను ముందుగాల దాన్ని ఎనుకకు తిప్పి చూస్త. అందరు ముందు దిక్కు చూసి, కొలత చూసే గేజీ పెట్టి, ఓకే డబ్బాల పారేస్తరు. నాది ఉల్టా. పక్క టేబుల్ మీద పనిచేసే ఒడిశా ఆయన, నాకంటె పదేండ్లు పెద్దోడు, పోయిన వారం అడగనే అడిగిండు. "భాయ్, మాల్ ముందు దిక్కు గదా అమ్ముడువోయేది, నువ్వు ఎనుక ఏం దేవులాడుతవు?" అని, తన హిందీ-తెలుగు కిచిడీల.

"ఆదత్" అన్న. ఇంకేం చెప్పాలె? చిట్కుల్‌ల మా ఇంటి ఓనరమ్మ నేర్పిన ఆదత్ అది, ఆమె పోయి రెండు నెలలు అయితున్నది, నాకు ఇప్పటిదాక ఏడుపు రాలె అని చాయ్ టైంల ఎవరికి చెప్తం? చెప్తె ఆయన "ఓనరమ్మ పోతే కిరాయిదార్లు ఏడుస్తరా?" అని నవ్వుతడు. అందుకే ఆడ నోరు మూసుకున్న, ఈడ రాస్తున్న.

ఆమె పేరు నాకు ఎరుకనే, రాయను. గల్లీల ఎవ్వరం ఆమెను పేరు పెట్టి పిలిచినోళ్ళం కాదు. ముస్లిమోళ్ళు అమ్మ చెల్లెను ఖాలా అంటరు, ఆమె గల్లీ మొత్తానికి ఖాలా. కింద వాళ్ళు, మీద మేము. కొడుకుకు ఇస్నాపూర్ చౌరస్తా కాడ వెల్డింగు దుకాణం. కోడలు ఇంట్లనే మిషన్ పెట్టుకొని బట్టలు కుడతది. ఖాలా పొద్దుగాల్ల నుంచి మాపటిదాక మెట్ల కింద కుర్చీల కూసుంటది. చాయ్ సాసర్ల పోసుకొని ఊదుకుంట తాగుతది, మధ్యల ఎవరన్న పలకరిస్తే సాసర్ అట్లనే గాల్లో పట్టుకొని మొత్తం ఖబర్ అడిగినంకనే మళ్ళ ఊదుతది. కండ్లల్ల పొర వచ్చింది. మనిషి వస్తే నీడ వచ్చినట్టు కనవడుతది గంతే. ఆపరేషన్ చెయ్యాలంటే షుగర్ తగ్గాలె అన్నరు. ఆమె షుగర్ ఎన్నడు తగ్గలె, ఆమె కూడ దాన్ని తగ్గిద్దామని పెద్దగ పరేషాన్ కాలె. మా అడుగుల సప్పుడును బట్టి ఎవరో పట్టేసేది. సుజాత, మా ఇంటామె, మందుల కంపెనీల ప్యాకింగ్‌కు పోతది. ఆమె మెట్లు దిగుతుంటేనే, "సుజాతా, ఇయాల లేటు, ఉరుకు" అని కిందికెంచి ఒర్రేది.

నా సంగతి చెప్పకుంటే ఆమె సంగతి చెప్పుడు కుదరదు. నేను పవర్ ప్రెస్ ఆపరేటర్ను. రేకును డై కింద పెట్టి రెండు చేతులతోని రెండు బటన్లు ఒత్తితే ప్రెస్ దిగుతది. రెండు చేతులు బటన్ల మీదుంటే ఏ చెయ్యి కింద పడదు, అందుకే రెండు పెట్టిండ్రు. నేను ఒక బటన్‌కు టేపు చుట్టిన. ఒక చేత్తోని ఒత్తుకుంట, ఇంకో చేత్తోని రేకు జరుపుకుంట పోతే పని జల్దీ అయితది. అయ్యింది కూడ, పదకొండేండ్లు. ఒకనాడు కుడిచెయ్యి ఇంకా రేకు మీదనే ఉన్నది, ఎడమచెయ్యి బటన్ ఒత్తింది. నా చెయ్యిని నా చెయ్యే ఒత్తింది. ఎవలను తిడతం?

బొటనవేలు మంచిగనే ఉంది. చూపుడువేలు, నడిమివేలు నుగ్గయినయి. డాక్టర్లు కోసి పారెయ్యలె, తిప్పలు వడి కుట్టి నిలవెట్టిండ్రు. వేళ్ళు ఉన్నయి గాని వాటికి ఏం తెల్వదు. చాయ్ గిలాస పట్టుకుంటే వేడి తెల్వదు, నల్లా కింద పెడితే సల్ల తెల్వదు. సూపర్‌వైజర్ సాబ్ ఇంటికొచ్చి చెప్పిండు. "ప్రెస్ మీదికి ఇగ పంపం తమ్మీ. ఆరు నెలలల్ల ఆ చేత్తోని చిన్న రివెట్లు ఏరి గేజీల పెట్టేటట్టు అయితే ఇన్‌స్పెక్షన్ల తీసుకుంటం. కాకుంటే నా చేతుల ఏం లేదు." ఆయన పోయినంక సుజాత కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్చింది. నేను గోడ మీద బల్లిని చూసుకుంట కూసున్న. అది ఎటు పోతదో చూద్దామనిపించింది. ఇంకేం అనిపియ్యలె.

దవాఖానల మినుములు, పెసర్లు కలిపి వేరు చెయ్యమన్నరు. వేళ్ళకు పని పెడితే పానం వస్తదట. రోజు సుజాత డ్యూటీకి పోయినంక మెట్ల మీద కూసొని ఏరేటోణ్ణి. ఏరుడేంది నా మొఖం, పట్టిన గింజ పట్టినట్టే జారేది. ఒక్కొక్క మెట్టు దిగుకుంట కిందికి పోయేది.

"ఎవర్ రే అది?" అని కింది నుంచి గొంతు. "మెట్ల మీద పెసరు ఏసిండ్రా? కోతకు ఎప్పుడు పిలుస్తరు?"

నాకు ఒళ్ళు మండింది. పళ్ళెం ఎత్తి పడగొట్టిన. గింజలన్ని ఆమె కుర్చీ కింద వడ్డయి. తిడతదేమో అనుకున్న. ఆమె సాసర్ కింద పెట్టి, "ఇటు రా, చెయ్యియ్యి" అన్నది. ఇచ్చిన. రెండు వేళ్ళ కొనలు పట్టుకొని గోరుతోని గిచ్చింది.

"తెలుస్తున్నదా?"

"లేదు ఖాలా."

ఇంకా గట్టిగ గిచ్చింది. "ఇప్పుడు?"

"లేదు."

"అచ్ఛా" అన్నది, మార్కెట్ల వంకాయ చూసి పక్కకు పెట్టినట్టు. "నాకు కండ్లు పోయినయి, నీకు వేళ్ళు పోయినయి. ఇద్దరం కలిస్తె ఒక మనిషి అయితం. రేపు పొద్దుగాల రా ప్రెస్ సాబ్. జెర పని ఉంది."

అగో, ఆనాటి నుంచి నేను ప్రెస్ సాబ్‌ను. "జెర పని ఉంది" అనేది ఆమె ఊతపదం. జెర అంటే ఎంతనో ఆమెకే ఎరుక.

తెల్లారి పోతే ఒళ్ళో పాందాన్ పెట్టుకొని కూసున్నది. పండ్లు ఊడినంక ఆకులు వక్కలు తినుడు బంద్ అయింది, పాందాన్ల ఇప్పుడు దారాలు. సున్నం గిన్నెల తెల్ల దారం, ఆకుల మీద పూసే కాసు గిన్నెల ఎర్ర దారం, వక్కల ఖానాల ఆకుపచ్చ, లవంగాల ఖానాల నల్లది. కండ్లకు కనవడకున్నా ఏ రంగు ఏడున్నదో చెయ్యి పోయి అక్కడనే పడేది. ఆ దారాల లచ్చలు ఇప్పటికి కాసు వాసన వస్తయి. ఒక మ్యాటీ బట్ట ముక్క తీసింది. చిన్న చిన్న గడులుంటయి దాని మీద, గడికి నాలుగు మూలల నాలుగు తొర్రలు. ఒక సూది తీసింది, కొన మొండిగ ఉంది.

"క్రాస్ కుట్టు" అన్నది. "మొండి సూదే దీనికి. నీ అసొంటోనికోసమే చేసిండ్రు, పొడుచుకున్నా ఏం కాదు."

"నేను మొగోణ్ణి ఖాలా" అన్న. నవ్వద్దు, గట్లనే అన్న.

"మా అబ్బా సదాశివపేటల దర్జీ. ఆయన మీసాలు నీ చేతులంత ఉండేటివి. సూదికి ఏం ఎరుక, ఆడదా మొగదా? పట్టు."

దారంల ఆరు పోగులు ఉంటయి. అండ్లకెంచి రెండు పోగులు గుంజి సూదిల ఎక్కియ్యాలె. ఆరోజు పొద్దుగాల నుంచి పగటీలి జొహర్ అజాన్ దాక నేను చేసిన పని గంతే, రెండు పోగులు సూదిల ఎక్కిచ్చుడు. అది కూడ ఒక్కసారి. ఆమె చాయ్ తాగింది, కోడలితోని కొట్లాడింది, పిల్లిని తిట్టింది, ఇంకొకసారి చాయ్ తాగింది. నా దిక్కు ఒక్కసారి కూడ "అయ్యిందా" అని అడగలె.

కుట్టు చూస్తే పిల్లలాట లెక్క. కింద ఎడమ మూల నుంచి పైన కుడి మూలకు ఒక దారం, కింద కుడి మూల నుంచి పైన ఎడమ మూలకు ఇంకో దారం. లెక్కల పుస్తకంల ఇంటూ గుర్తు లెక్క. కాని ఆమె ఒప్పుకోవాలె గదా. బట్టను నాలుగు మడతలు పెట్టి నడుమ ఏడున్నదో పట్టుకోవాలె, అక్కడికెంచే మొదలువెట్టాలె. నేను ఒకరోజు ఆమెకు చెప్పకుండ మూలకెంచి మొదలువెట్టిన. ప్రెస్ పనిల రేకు అంచును ఆపుడు పట్టీకి ఆనిస్తం, అది చేతికి అలవాటు. కుట్టుకుంట పోయిన. పువ్వు సగం అయ్యే వరకు బట్ట అయిపోయింది. ఆమె వేలితోని తడిమి చూసి, పకపక నవ్వింది. "సగం పువ్వు బట్ట మీద, సగం పువ్వు నా చీర మీద కుడతవా?" అన్నది. తర్వాత బట్ట నా చేతుల పెట్టి, "ఇప్పు" అన్నది.

"ఇప్పు" అంటే అది మొత్తం విప్పాలె. ఆమె నోట నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. ముడి వేస్తే ఇప్పు. ముడి వెయ్యద్దు, దారం కొనను ఎనుక పట్టుకొని దాని మీదికెంచే కుట్టుకుంట పోవాలె, అదే ఆగుతది. ఎనుక గడ్డలు ఉంటే ఆమె వేలికి తగులుతయి. అందుకే బట్ట చేతికి ఇయ్యంగనే ఎనుకకు తిప్పేది. "ముందు దిక్కు అందరు మంచిగనే ఉంటరు" అనేది. ఎవలను అంటుండెనో తెల్వదు గని, కోడలు వంటింట్లకెంచి, "అమ్మీ, నేను వింటున్న" అనేది.

ఇంకోటి ఉంది. అన్ని ఇంటూలల్ల పై దారం ఒక్క దిక్కే వాలాలె. ఒకటి ఇటు, ఒకటి అటు పోవద్దు. మొదటి వరుస కుట్టి ఇచ్చిన రోజు ఆమె గోరును దాని మీద ఈ కొన నుంచి ఆ కొనకు గీసుకుంట పోయింది, పిల్లి వీపు నిమిరినట్టు. ఒకకాడ ఆపింది.

"ఇది ఉల్టా."

నేను కండ్లు పెట్టి చూసిన. నిజమే, ముప్పయి ఇంటూలల్ల ఒక్కటి ఉల్టా. "ఒక్కటే గదా ఖాలా, ఎవలకు కనవడుతది?"

"నాకే కనవడ్డది, ఇంకెవలకు కనవడదు?" అన్నది. "ఇప్పు."

లెక్క తప్పకుండ చింతగింజలు పెట్టింది ఒక గిన్నెల. పది ఇంటూలు అయితే ఒక గింజ తీసి రెండో గిన్నెల ఎయ్యాలె, ఆ రెండు వేళ్ళతోనే. మొదట్ల గింజ పట్టుకున్ననో లేదో చూసుకుంటే గాని ఎరుకయ్యేది కాదు. మూడో నెలల కూడ చూసుకుంటేనే ఎరుక. పానం రాలె. కాని పట్టు దొరికింది. వేలికి తెల్వకున్నా కంటికి తెలుస్తది, కన్ను చెప్పినట్టు వేలు వింటది. గింజ కింద పడుడు తగ్గింది. మెట్ల మీద పెసరు మొలవలె ఇగ.

ఒకరోజు కుట్టుకుంట కుట్టుకుంట అడిగిన, ఎందుకు అడిగిననో తెల్వదు. "ఖాలా, నాకు ఏం అనిపిస్తలేదు. చెయ్యి పోయింది, కోపం రాదు, ఏడుపు రాదు. సుజాత ఏడుస్తుంటే బల్లిని చూస్త. గిట్ల ఉంటదా మనిషికి?"

ఆమె సాసర్ గాల్లో ఆపింది. "మా మియా పోయిన రోజు నాకు గట్లనే ఉండె. ఇంటినిండ చుట్టాలు, అందరికి చాయ్ పోసిన. నా పెద్దక్క అన్నది, దీని దిల్ రాయి అని. నెల అయినంక ఒకనాడు పెనం మీద రొట్టె మాడింది. కూసొని ఏడ్చిన, పొద్దు గూకేదాక ఏడ్చిన. అందరు రొట్టె కోసమే అనుకున్నరు." సాసర్ ఊదింది, ఒక గుక్క తాగింది. "వచ్చేది వస్తది. నువ్వు గడి నింపు."

నాలుగో నెలల ట్రంకు పెట్టెకెంచి ఒక గలేఫు తీయించింది. దిండు గలేఫు. మడతల కాడ పసుపు రంగుకు వచ్చింది. దాని మీద ఎడమ దిక్కు ఒక చిలక, ఆకుపచ్చది, ఎర్ర ముక్కు, మెడకు నల్ల పట్టె. కుడి దిక్కు ఖాళీ. పెండ్లికి ముంగట సదాశివపేటల కుట్టింది ఆమె. జోడి చిలకలు కావాలె. మొదటిది అయ్యే వరకు నికా అయింది, ఈడికొచ్చింది. ఇక్కడ అత్త, వంట, పిల్లలు, బర్లు. "రేపు కుడత, రేపు కుడత అనుకున్న. రేపు అనేది కండ్లు పోయినంక వచ్చింది" అని నవ్వింది. "ఒక్కదాన్నే ఉంచిన ఇన్నేండ్లు. పాపం, ఖాళీ దిక్కు చూసుకుంట ఉన్నది. దాని జోడి నువ్వు కుట్టు."

కాయితం మీద డిజైను లేదు. ఉన్న చిలకనే చూసి గడులు లెక్కపెట్టుకొని, దానికి ఎదురుగ మొఖం తిప్పి కుట్టాలె. నాకు నవ్వొచ్చింది, అదేం పెద్ద పని? మేము కారు తలుపులకు పట్టీలు కొడతం. ఎడమ తలుపుకు ఒకటి, కుడి తలుపుకు ఒకటి. ఎడమదానికి తొర్ర ఇటుంటే కుడిదానికి అటు, వంపు ఇటుంటే అది అటు. అద్దంల చూసినట్టు అన్నీ తిరగాలె, ఒక్కటి తిరగకున్నా మాల్ రిజెక్టు. పదకొండేండ్లు నేను చేసిన పని అదే. గీతల కాయితం మీద చిలకను తిప్పి గీసిన. ముక్కు తిప్పిన, రెక్క తిప్పిన, తోక తిప్పిన. ఇంటూలు కూడ తిప్పిన. ఆ చిలకల పై దారం ఎడమకు వాలితే నా చిలకల కుడికి వాలాలె గదా, జోడి అంటే అదే గదా. ఖాలాను అడగాలని కూడ తోచలె. తెలిసిన పనిని ఎవలన్న అడుగుతరా?

రెండు నెలలు పట్టింది. వానకాలం, మెట్ల కింద ఎప్పుడు మబ్బుగనే ఉండేది. నా చిలక రంగు జెర వేరే తీర్ల అనిపించింది గాని, అది కొత్త దారం, ఇది పాత దారం అనుకున్న. చివరి ఇంటూ కుట్టింది కంపెనీల చెయ్యి చూపియ్యాల్సిన రోజుకు ఒక్క రోజు ముంగట. చింతగింజలు అన్ని రెండో గిన్నెలకు వచ్చినయి. గలేఫు ఆమె ఒళ్ళో పెట్టిన.

గోరు నా చిలక తల మీద పెట్టింది. మెడ మీదికెంచి, రెక్క మీదికెంచి, తోకదాక మెల్లగ గీసింది. మళ్ళ పైకి పోయింది. మళ్ళ కిందికి. తర్వాత తన చిలక మీద ఒకసారి. మళ్ళ నా చిలక మీదికి వచ్చింది. నేను గిన్నెల చింతగింజలు మల్ల లెక్కపెట్టుకుంట కూసున్న.

"రేపేనా పోయేది?" అన్నది.

"రేపే ఖాలా. పది గంటలకు."

"భయం అయితుందా?"

"నాకు ఏమైతదో నాకే తెలుస్తలేదు."

గలేఫును సాపు చేసి మడతవెట్టింది. "బరాబర్ ఉంది" అన్నది.

ఆరు నెలలల్ల మొదటిసారి ఆమె నోట ఆ మాట. మెట్లు రెండు రెండు ఎక్కి పోయి సుజాతకు చెప్పిన. ఆ సంబురంల నేను ఒకటి చూసుకోలె. ఆమె ఆరోజు ఎనుకకు తిప్పలె.

తెల్లారి సూపర్‌వైజర్ సాబ్ టేబుల్ మీద రివెట్లు కుప్ప పోసిండు. ఒక్కొక్కటి ఏరి గేజీల పెట్టి తీసుకుంట పోయిన. పక్కన ఇంకో ఇద్దరు నిలవడి చూస్తున్నరు. పది అయితే మనసుల ఒక చింతగింజ వేసుకున్న. ఒకటి చేతిలకెంచి జారింది, కింద పడక ముందే పట్టుకున్న. "సోమవారం నుంచి రా తమ్మీ" అన్నడు. బయటికి వచ్చి సుజాతకు ఫోన్ చేస్తే ఆమె అటు దిక్కు ఏడుస్తున్నది, ఈసారి మంచికే. నేను మాత్రం గేటు కాడ నిలవడి లారీలు చూసిన.

మిఠాయి తీసుకపోతే ఖాలా షుగర్‌ను లెక్కచెయ్యకుండ ఒక లడ్డు మొత్తం తిన్నది. నా చెయ్యి పట్టుకొని ఆ రెండు వేళ్ళను తన చెంపకు ఆనిచ్చుకున్నది. "షాబాష్ ప్రెస్ సాబ్" అన్నది. తర్వాత, "ఆదివారం రా. జెర పని ఉంది."

"వస్త ఖాలా" అన్న.

పోలె. ఆ ఆదివారం ఓవర్‌టైం. మల్ల ఆదివారం కూడ పోలె, ఆరు నెలలు ఇంట్ల కూసున్నోణ్ణి, డ్యూటీ అంటే ఉరుకుతుంటి. డ్యూటీకి దిగుతుంటే కిందికెంచి అనేది, "బేటా, ఆదివారం రా, జెర పని ఉంది." "వస్త ఖాలా, వస్త" అనుకుంట బండి స్టార్ట్ చేసేటోణ్ణి. ఇంకో డిజైను మొదలువెట్టిస్తది, మల్ల ఆరు నెలలు కూసోవెడతది అనుకున్న. ఉన్న మాట చెప్తున్న, జెర తప్పించుకు తిరిగిన. చెయ్యి బాగైంది, పని దొరికింది, ఇగ సూదితోని నాకేం పని? గట్ల ఐదు ఆదివారాలు పోయినయి.

ఆరో ఆదివారం రాలె. శుక్రవారం నమాజ్ అయినంక కుర్చీలనే తల వాల్చింది, కోడలు నిద్ర అనుకున్నది. నేను ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చే వరకు గల్లీ నిండ చెప్పులు. కబ్రస్తాన్ దాక పోయిన. అందరితోని నేను కూడ పిడికెడు మట్టి వేసిన, కుడిచేత్తోనే. వాన పడ్డ మట్టి, సల్లగ ఉండె కావచ్చు. నాకు తెల్వలె.

నలభయ్యో రోజు ఫాతెహా అయినంక కోడలు నన్ను పిలిచి ఆ గలేఫు చేతుల పెట్టింది. "అమ్మీ నీకే ఉంచింది అన్నా" అన్నది. ఆరోజు ఎండ మంచిగ కాసింది. మెట్ల కాడ నిలవడి ఇప్పి చూసిన. ఖాలా చిలక ఎండకు మెరుస్తున్నది, రెక్క తడిసినట్టు. నా చిలక దుమ్ము కొట్టుకపోయినట్టు ఉన్నది. బట్టను అటు తిప్పిన. ఇప్పుడు నాది మెరిసింది, ఆమెది సచ్చువడ్డది. ఏ దిక్కు తిప్పినా రెండు కలిసి మెరవయి. దారం పాతది కొత్తది అని కాదు. పై దారం. మొత్తం చిలక, తల నుంచి తోకదాక, అన్ని ఇంటూలు ఉల్టా.

ముప్పయిల ఒక్కటి ఉల్టా ఉంటే గోరుతోని పట్టిన మనిషి. మూడుసార్లు గీసి చూసింది.

"ఆమెకు తెల్వలేదా?" అని అడిగిన.

కోడలు నవ్వింది, నవ్వుకుంటనే కండ్లు తుడుచుకున్నది. "తెల్వకేం అన్నా! నువ్వు మెట్లెక్కంగనే నన్ను పిలిచి చెప్పింది. 'ప్రెస్ సాబ్ చిలకను మొత్తం ఉల్టా కుట్టిండు గదే' అని. మరి చెప్పకపోతివేంది అమ్మీ అన్న. 'రేపు పొద్దుగాల చెయ్యి చూపియ్య పోతుండు. ఇప్పుడు ఇప్పు అంటే చెయ్యి వణుకుతది. ముందు చెయ్యి సీదా కానియ్యి, చిలక ఏడికి పోతది? ఆదివారం కూసోవెట్టి మొత్తం ఇప్పిస్త' అన్నది."

ఐదు ఆదివారాలు పిలిచింది నన్ను.

ఏడుపు అప్పుడు రావాలె. రాలె. గలేఫు మడతవెట్టుకొని మీదికి వచ్చిన, అన్నం తిన్న, పండుకున్న. నా రొట్టె ఇంకా మాడనట్టుంది.

ఆదివారం ఓవర్‌టైం బంద్ చేసిన. సూపర్‌వైజర్ సాబ్ నారాజ్ అయిండు, కానియ్యి. పొద్దుగాల చాయ్ తాగి, కింద ఆమె కుర్చీ కనవడేటట్టు మెట్ల మీద కూసుంట. కత్తెర కొనతోని పై దారం కత్తిరించి, ఆ రెండు వేళ్ళతోని గుంజి తీస్తున్న. కుట్టుడు కంటె విప్పుడే కష్టం, దారం ఏడ తెగిందో వేలికి తెల్వదు, కన్ను పెట్టి చూడాలె. తోక అయిపోయింది, రెక్క కాడికి వచ్చిన. మొత్తం అయినంక బట్ట మడతవెట్టి, ఆ దిక్కుకు నడుమ ఏడున్నదో పట్టుకొని మల్ల మొదలువెడత.

ఇయాల సుజాత వెనుక నిలవడి చూసింది. "గంత తిప్పలు వడి కుట్టినవు. మంచిగనే ఉండె గదా. ఎవరన్న గిట్ల ఇప్పుకుంటరా?"

"ఖాలా రమ్మన్నది" అన్న.

"ఎప్పుడు?"

"ఆదివారం. జెర పని ఉన్నదన్నది."

సుజాత ఇంట్లకు పోయి చింతగింజల గిన్నెలు తెచ్చింది, నా పక్కన కూసొని, నేను పది ఇప్పినప్పుడల్ల ఒక గింజ తీసి అవుతల గిన్నెల ఎయ్యవట్టింది.